చేతికి నేర్పిన మాట

జూన్ 2

హెలికాప్టర్ స్కూల్లో ఫారం నింపి ఇచ్చాను. "హెలికాప్టర్ రేటింగ్ ఎందుకు కావాలి?" అని ఒక గడి ఉంది. "వృత్తిలో ఎదుగుదల" అని రాశాను. నలభై నాలుగేళ్ల వయసులో, డెబ్బై మంది ఎక్కే విమానానికి పదహారేళ్లుగా కెప్టెన్‌గా ఉన్నదానికి ఇంకా ఏం ఎదుగుదల అని ఆ గుమస్తా అడగలేదు. ముద్ర కొట్టాడు. విమానం లైసెన్సు ఉన్నవాళ్లకి శిక్షణ గంటలు బాగా తగ్గిస్తారట. "మీరు ఆల్రెడీ పైలట్ కదా మేడమ్, సగం పని అయిపోయినట్టే" అన్నాడు, ముప్పై రెండు పళ్లూ కనిపించేలా.

నా తమ్ముడికీ ఇదే మాట చెప్పి ఉంటాడు. ఇదే బల్ల దగ్గర, ఇవే పళ్లతో.

ఇంట్లో మా ఆయనతో "నెలన్నర సెలవు పెట్టాను, హెలికాప్టర్ నేర్చుకుంటాను" అన్నాను. ఆయన పళ్ల డాక్టరు. నోరు తెరిస్తే చాలు, లోపల ఏం పుచ్చిందో చెప్పేస్తాడు. "వాడు నేర్చుకున్న చోటేనా?" అన్నాడు.

"అక్కడే."

"నేర్చుకోడానికా, దెబ్బలాడ్డానికా?"

లైసెన్సులో ఇంకో యంత్రం నడిపే అర్హత ఉంటే తప్పేమిటి? అంతే. అంతకు మించి ఏమీ లేదు.

జూన్ 3

నత్త మాస్టారుని చూశాను. ఆ పేరు పెట్టింది తమ్ముడే. "అక్కా, మా మాస్టారు ఒక వాక్యం మొదలుపెడితే మధ్యలో టీ తాగి రావచ్చు" అనేవాడు ఫోన్లో. నిజమే. అరవై దాటిన బక్కపల్చటి మనిషి. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, అప్పుడు "రండమ్మా" అన్నాడు. నేనెవరో ఆయనకి తెలియదు. నా ఇంటిపేరు వేరు. తెలియకపోవడమే మంచిది.

ఈయన సంతకం పెట్టిన మూడు నెలలకి నా తమ్ముడు హెలికాప్టర్ కూలి చచ్చిపోయాడు.

కొత్త నోటుపుస్తకంలో ఇదంతా తేదీలతో సహా రాసి పెట్టుకుంటున్నాను. జూలై 20న విచారణ బోర్డు మళ్లీ కూర్చుంటుంది. మరదలు పెట్టుకున్న అర్జీతో పాటు నా ప్రకటన నాలుగు పేజీలు ఇప్పటికే వాళ్ల దగ్గరుంది. అందులో రెండు మాటలు చెప్పాను. ఒకటి, ఆ యంత్రంలో లోపం ఉంది. రెండు, ఈ స్కూల్లో చెప్పని పాఠాలకి చెప్పినట్టు టిక్కులు పెడతారు. మొదటిది రుజువు చెయ్యడానికి యంత్రం ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. రెండోది నేను చూసి వస్తాను.

జూన్ 5

అవమానం.

తొమ్మిది వేల గంటలు గాలిలో ఉన్న మనిషిని. ఒక ఇనప తూనీగని నేలకి మూడడుగుల ఎత్తున కదలకుండా నిలబెట్టలేకపోయాను. కుడిచేతిలో కర్ర, ఎడమచేతి కింద లివరు, కాళ్ల కింద పెడళ్లు. ఒకదాన్ని సరిచేస్తే రెండోది చెడుతుంది, రెండోదాన్ని పట్టుకుంటే మూడోది ఎదురు తిరుగుతుంది. తాగినవాడిలా మైదానమంతా తూలాం. ఇంధనం పోసే మనుషులు పని మానేసి నిలబడి చూశారు.

"కర్ర తిప్పకండమ్మా," అన్నాడు మాస్టారు. ఆగాడు. "అనుకోండి, చాలు."

అనుకోవడమట! లోపల నేను అనుకున్నవి ఆయన వినలేదు కాబట్టి సరిపోయింది.

జూన్ 6

ఈరోజూ నిలబెట్టలేదు.

జూన్ 9

ఈరోజూ.

జూన్ 12

మరదలు వచ్చింది. అది ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. విచారణ నివేదిక ముప్పై ఎనిమిది పేజీలూ ఎర్రసిరా పెన్నుతో చదివింది. అచ్చుతప్పులు పదకొండు పట్టుకుంది. ముప్పై ఒకటో పేజీలో "కారణం: పైలట్ తప్పిదం" అన్న చోట మాత్రం ఏమీ దిద్దలేదు. కింద గీత గీసింది. ఎంత గట్టిగా గీసిందంటే కాగితం చిరిగింది.

"వదినా, మీరు ఒక్కసారి ఆ రికార్డింగు వినండి" అంది.

వాడు ఆ రోజు పొద్దున ఫోను ముందద్దానికి తగిలించి వీడియో తీస్తున్నాడు. వాళ్ల పాపకి కొండలు చూపిద్దామని. అందులో ఆకాశం కనిపిస్తుంది, హెచ్చరిక హారన్ మోగుతుంది, వాడేదో అంటాడు, యంత్రం ముక్కు కిందికి పోతుంది. ఆ తర్వాత లేదు. "పైలట్ మాటలు రెండు, అస్పష్టం" అని నివేదికలో రాశారు. యంత్రం గబుక్కున ముందుకి వంగింది కాబట్టి కర్రని ముందుకి నెట్టి ఉంటాడని తేల్చేశారు.

"వినాల్సింది ఏముంది?" అన్నాను. "హారన్ మోగిందంటే ఇంజను పోయింది. వాడేం చేసినా ఒకటే."

"తనేమన్నాడో నాకు అర్థం కావట్లేదు వదినా. మీకైతే అర్థమవుతుందేమో. మీ భాష కదా, పైలట్ల భాష."

తర్వాత వింటానన్నాను. ఎనిమిది నెలలుగా తర్వాతే అంటున్నాను. పని ఎక్కువగా ఉంటోంది మరి.

జూన్ 17

నిలబడింది. పదకొండు సెకన్లు. మాస్టారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను ఊపిరి పీల్చడం కూడా మర్చిపోయాను. పిచ్చిగా నవ్వొచ్చింది. వాడు మొదటిసారి నిలబెట్టిన రోజు ఫోన్లో అరిచిన అరుపు గుర్తొచ్చింది. "అక్కా, విమానం అంటే బస్సే! ఇదీ ఎగరడమంటే!"

దిగాక కారులో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. సంతోషపడ్డానికి వచ్చానా ఇక్కడికి?

జూన్ 20

నా ఫైలు చూసుకోవాలంటే గుమస్తా అలమర చూపించి టీకి వెళ్లాడు. తమ్ముడి ఫైలు మూడో అరలో ఉంది. తీసి తిరగేశాను, కోపంగానే.

పద్నాలుగో పాఠం: "రోటర్ (పైరెక్కల) వేగం పడిపోయినప్పుడు చెయ్యవలసినవి, చెయ్యకూడనివి." ఎదురుగా: "నోటి పాఠం, ఇరవై నిమిషాలు. విద్యార్థికి పూర్తిగా తెలుసు." పక్కన టిక్కు. కింద నత్తగారి సంతకం, వంకర్లు తిరిగి. గాలిలో చేయించిన వ్యవధి అన్న గడిలో సున్నా.

సున్నా!

ఫోటో తీశాను. రెండుసార్లు తీశాను. హారన్ మోగితే ఏం చెయ్యాలో కుర్చీలో కూర్చోబెట్టి చెప్పి, గాలిలో ఒక్కసారి కూడా చేయించకుండా, మనిషిని పైకి పంపించాడు. ఆ కళ్లజోడు తుడుచుకోవడం చూసి ఎంత జాగ్రత్త మనిషో అనుకుంటారు అందరూ.

జూన్ 21

దొరికాడు.

జూన్ 26

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. ఎందుకంటే రేపటికి నేనే మార్చేస్తాను.

పొద్దున ఎక్కాం. ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు. వెయ్యి అడుగులు దాటి ఇంకా ఎక్కుతున్నాం. హాయిగా ఉంది. మాస్టారు మాటల్లో పెట్టాడు. "ఆ నీళ్ల ట్యాంకు ఎంత దూరం ఉంటుందంటారు?" ఆరు కిలోమీటర్లు ఉంటుందని చెప్పబోతున్నాను.

హారన్ మోగింది.

నేను ఏమీ ఆలోచించలేదు. ఇది మాత్రం ఖాయంగా రాయగలను. ఏమీ ఆలోచించలేదు. నా నోరు "ముక్కు దించు" అంది. నా కుడిచెయ్యి కర్రని ముందుకి తోసింది.

కర్ర కదల్లేదు. దాని ముందు మాస్టారు అరచెయ్యి అడ్డుగా ఉంది. ఎప్పటినుంచి ఉందో. నా పిడికిలి వెళ్లి ఆ చేతికి కొట్టుకుంది. ఈలోగా ఆయన ఎడమచేత్తో లివరు దించి, ఇంజను జోరు పెంచే థ్రాటిల్ తిప్పాడు. హారన్ ఆగింది. థ్రాటిల్ తగ్గించి దాన్ని మోగించిందీ ఆయనే. నేను చూడలేదు.

"మీ చెయ్యి చూసుకోండమ్మా" అన్నాడు.

చూసుకున్నాను. ఇంకా ముందుకే నెడుతోంది.

విమానంలో ఆ హారన్ మోగిందంటే రెక్కలు గాలిని వదిలేస్తున్నాయని అర్థం. ముక్కు దించితే బతుకుతావు. ఆలోచిస్తూ కూర్చుంటే చస్తావు. అందుకే అది బుర్రకి కాదు, చేతికి నేర్పాలి. ఫ్లయింగ్ క్లబ్బులో నేను వందలమందికి నేర్పాను. ఇక్కడ అదే హారన్ మోగితే పైనున్న రెక్కలు నెమ్మదిస్తున్నాయని అర్థం. ఎడమచెయ్యి దించాలి, థ్రాటిల్ తిప్పాలి, కుడిచేతిలో కర్ర ఉన్నచోటే ఉండాలి, లేదా ఇంత వెనక్కి రావాలి. ముందుకి తోస్తే పైన రెక్కల మీద బరువు పోతుంది. గాలికి వదులైన గొడుగులా అవి ఊగిపోయి, సొంత తోకనే నరుకుతాయి.

ఇదంతా నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. పరీక్షలో వందకి తొంభై ఎనిమిది వచ్చాయి.

జూన్ 27

ఏమీ లేదు రాయడానికి.

జూన్ 28

ఆరుసార్లు మోగించాడు. ఐదుసార్లు చెయ్యి ముందుకే పోయింది. వస్తుందని తెలిసి కూడా! ఆరోసారి దాన్ని ఆపడానికి మోచెయ్యి పక్కటెముకలకి నొక్కి పెట్టుకోవలసి వచ్చింది.

దిగాక గొడవ పెట్టుకున్నాను. ఎవరితోనో ఒకరితో పెట్టుకోవాలి కదా.

"ఇదే పని అతనితో ఎందుకు చేయించలేదు?" అని అరిచాను. "పద్నాలుగో పాఠం. సున్నా నిమిషాలు. మీ ఫైలు చూశాను నేను. మీ సంతకం చూశాను."

ఎవరు, ఏమిటి అని అడగలేదాయన. కళ్లజోడు తీశాడు. తుడవలేదు.

"మీరు వచ్చిన రోజే అనుకున్నానమ్మా. హెడ్‌సెట్ పెట్టుకుని ఎడమ చెవి కాస్త బయటికి వదిలేశారు. ఇంజను చప్పుడు చెవికి సూటిగా వినపడాలని. అతనూ అలాగే పెట్టుకునేవాడు. ఎందుకయ్యా అంటే మా అక్క నేర్పింది అనేవాడు."

"తెలిసి కూడా నన్నెందుకు చేర్చుకున్నారు?"

"నాకూ తెలుసుకోవాలని ఉంది. ఎనిమిది నెలలుగా ఇదే ఆలోచిస్తున్నాను. అతనికి నోటితో చెప్పాను. ఒక్క అక్షరం పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పాడు. వెయ్యి గంటలు ఎగిరిన పైలట్, ఇంక ఏం చెప్తాం అనుకున్నాను. టిక్కు పెట్టాను." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నోటిని అడిగాను. చేతిని అడగలేదు."

ఆయన ఏదైనా సాకు చెప్పి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరి మీద వాడాలి ఇప్పుడు?

జూన్ 30

అది ఏ మాటైనా కావచ్చు. రెండు మాటలు, అస్పష్టం. దేవుడా అని ఉండొచ్చు. పాప పేరు అయి ఉండొచ్చు. నేను వినలేదు కాబట్టి నాకు తెలియదు.

జూలై 1

విన్నాను.

"ముక్కు దించు."

అస్పష్టం కాదు. ఏం అస్పష్టం కాదు. నా గొంతులాగే, నేననే పద్ధతిలోనే, "ముక్కు" దగ్గర ఒత్తి, "దించు" దగ్గర తెంచి. పన్నెండేళ్ల కిందట క్లబ్బు విమానంలో పక్కన కూర్చుని వాడి చేత రోజుకి ఇరవైసార్లు అనిపించాను. వాడు భోజనాల బల్ల దగ్గర కూడా నన్ను వెక్కిరిస్తూ చెంచా ముందుకి వంచి "ముక్కు దించు" అనేవాడు. అమ్మ తిట్టేది. "బాగా పట్టింది వీడికి" అని నేను మురిసిపోయేదాన్ని.

బాగానే పట్టింది.

జూలై 2

కర్ర ముందుకి తోసింది వాడి చెయ్యి. తొయ్యమని నేర్పింది నేను. ఆ అలవాటు పోయిందో లేదో చూడనిది మాస్టారు. పైలట్లకి గంటలు తగ్గించమని రూలు రాసినవాళ్లు ఎవరో ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్నారు. ఇంతమందిమి ఉంటే నివేదికలో పేరు ఒక్కడిదే.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి "కాస్త ఏడవొచ్చు కదా" అన్నాడు. ఏడుపు రావట్లేదు. పళ్లు నూరి నూరి దవడ నొప్పెడుతోందంటే, నోరు తెరవమని టార్చి వేసి చూశాడు. "ఒకటి చిట్లింది" అన్నాడు. చిట్లనీ.

జూలై 3

పదిసార్లు. ఏడు తప్పు.

జూలై 5

పదిసార్లు. నాలుగు తప్పు. మాస్టారు అరచేతిలో కర్ర తగిలే చోట కమిలి నీలంగా ఉంది. నేను చూస్తున్నానని చేతిని జేబులో పెట్టుకున్నాడు.

జూలై 8

పన్నెండుసార్లు. ఒకటి తప్పు. ఆ ఒక్కటి చాలదూ?

నా ప్రకటన మళ్లీ చదివాను. నాలుగు పేజీల్లోనూ "నా అనుభవం మేరకు" అని తొమ్మిదిసార్లు ఉంది. చించేద్దామనుకున్నాను. బోర్డు దగ్గర అసలు ప్రతి ఉంది, నా దగ్గరున్నది చించి లాభం లేదు.

జూలై 11

ఇరవైసార్లు. ఒక్కటీ తప్పలేదు. మాస్టారు "ఇప్పుడు టిక్కు పెట్టొచ్చు" అన్నాడు. అని, పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఇంకోసారి చూసి పెడతానమ్మా."

జూలై 14

మరదలికి చెప్పాను.

పాప స్కూలుకి వెళ్లాక వెళ్లాను. వంటింట్లో ఉంది. సెలవు పెట్టి అర్జీకి కాగితాలు సర్దుతోంది. రికార్డింగు విన్నానని చెప్పాను. వాడేమన్నాడో చెప్పాను. ఎందుకన్నాడో చెప్పాను. నా చెయ్యి ఏం చేసిందో కూడా చెప్పాను.

అది చేతిలో కాగితాలు కింద పెట్టింది. తర్వాత లేచి, స్టాండులోంచి గరిటె తీసి నా చేతికిచ్చింది. స్టూలు లాగి ఎదురుగా కూర్చుంది.

"చూపించండి."

"వద్దే."

"చూపించండి వదినా. ముప్పై ఎనిమిది పేజీలు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. చూపించండి."

కాళ్ల మధ్య గరిటె నిలబెట్టి పట్టుకున్నాను. "ఇది కర్ర. ఇక్కడ ఉంటుంది. హారన్ మోగుతుంది." కొంచెం ముందుకి తోశాను.

"ఎంత?"

"ఇంత."

అది ముందుకి వంగి, గరిటె ఉన్న చోటికీ వెళ్లిన చోటికీ మధ్య తన వేళ్లు పెట్టి కొలిచింది. నాలుగు వేళ్లు పట్టాయి.

"తొయ్యకపోతే?"

"ఎడమచెయ్యి దించి, థ్రాటిల్ తిప్పితే, రెండు సెకన్లలో హారన్ ఆగిపోయేది. ఇంజను ఆగలేదు. ఎక్కుతూ ఎక్కుతూ కాస్త నీరసించింది, అంతే. నివేదికలో ఆ భాగం నిజమే. యంత్రంలో లోపం ఉందని నేను రాసింది తప్పు."

"ఇంటికొచ్చేవాడా?"

"వచ్చేవాడు."

"నాలుగు వేళ్లు!" అంది. గరిటె నా చేతిలోంచి లాక్కుని సింకులోకి విసిరింది. గిన్నెలన్నీ మోగాయి. "నాలుగు వేళ్లా? దీనికా? నా బతుకంతా నాలుగు వేళ్లా?"

నేను దాని భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆ చెయ్యి నా మీద వెయ్యకండి."

తీసేశాను.

కాసేపటికి ముక్కు చీది, కాగితాల దగ్గరికి వెళ్లింది. అర్జీ తీసింది. ఎర్రపెన్ను తీసి "యంత్ర లోపం వల్ల" అన్న మాట కొట్టేసింది. పైన ఏం రాయాలో తెలియక పెన్ను అలాగే పట్టుకుని ఉంది. "బోర్డు ముందు మీరే చెప్పండి" అంది. నా వైపు చూడలేదు. "నాకు చెప్పినట్టే చెప్పండి. గరిటె వాళ్లని తెచ్చుకోమనండి."

జూలై 16

పరీక్ష పాసయ్యాను. లైసెన్సులో కొత్త గీత ఒకటి పడుతుంది. పరీక్షకుడు చెయ్యి కలిపి "మీకిదంతా నల్లేరు మీద నడకే కదా మేడమ్" అన్నాడు. ఆ చెయ్యి వెంటనే వదిలేశాను.

జూలై 20

పొడుగాటి బల్ల. అవతల నలుగురు, ఒక్కొక్కరి ముందు నీళ్ల సీసా. అధ్యక్షుడు నా ప్రకటన తిరగేసి, "దీన్ని వెనక్కి తీసుకుంటున్నారా?" అన్నాడు.

"లేదు. దిద్దుతున్నాను."

చెప్పాను. వంటింట్లో చెప్పినట్టే. హారన్, చెయ్యి, రెండు మాటలు. ఆ మాటలు ఎవరివో. పన్నెండేళ్ల కిందట ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు అనిపించారో. జూన్ 26న నా చెయ్యి ఏం చేసిందో. మరదలు వెనక వరసలో కూర్చుని వింది. నా వీపు మీద దాని చూపు తెలుస్తూనే ఉంది.

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహంలో బరువు దిగిపోయిన కళ కనిపించింది. "అంటే, పైలట్ తప్పిదమే అని మీరూ ఒప్పుకుంటున్నారు."

అక్కడ పట్టు తప్పింది నాకు. బల్ల మీద కొట్టాను. ఎవరిదో సీసా పడిపోయింది.

"ఏం ఒప్పుకుంటున్నానండీ? ఏం జరిగిందో మీరు రాశారు. సరిగ్గానే రాశారు. ఎందుకు జరిగిందో ముప్పై ఎనిమిది పేజీల్లో ఒక్క వాక్యం ఉందా? అతను తప్పు చెయ్యలేదు. నేర్పింది నేర్పినట్టు చేశాడు. అంత బాగా చేసినవాడు నాకు ఇంకొకడు దొరకలేదు. ఆ చేత్తో ఇంకో యంత్రం ఎక్కితే చస్తాడని మీకు తెలుసు. మీ సొంత పుస్తకంలోనే ఉంది, నేను చదివాను. అయినా మీ రూలు ఏమంటుంది? విమానం పైలట్ కదా, గంటలు తగ్గించండి అంటుంది. తగ్గించడం కాదు, వాళ్లకి పెంచాలి! నేర్చుకోవాల్సింది ఉన్నవాడికంటే మర్చిపోవాల్సింది ఉన్నవాడికి ఎక్కువ టైము పడుతుంది. నాకు పదహారు రోజులు పట్టింది. తొమ్మిది వేల గంటల పైలట్‌ని నేను!"

"మేడమ్, కూర్చోండి."

"కూర్చోను."

అప్పుడు మాస్టారు లేచాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. పద్నాలుగో పాఠం గురించి చెప్పాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడంటే అధ్యక్షుడు రెండుసార్లు గడియారం చూశాడు. అయినా ఆయన తొందరపడలేదు. "టిక్కు నాది" అని ముగించి, కూర్చున్నాడు.

నివేదికకి ఒక పేజీ చేరుస్తామన్నారు. "పైలట్ తప్పిదం" అన్న మాట తీసెయ్యరట, కింద వివరం రాస్తారట. రూలు సంగతి పైకి రాస్తారట. మాస్టారుని ఆరునెలలు నేర్పకుండా ఆపారు.

వరండాలో మరదలు నా కోసం ఆగింది. థాంక్స్ చెబుతుందని ఎక్కడో ఒక మూల ఆశపడ్డాను. అది కూడా రాసుకోవాలి.

"మళ్లీ క్లబ్బులో నేర్పుతారా?" అంది.

"ఏమో."

"నేర్పితే ఏం చెప్తారు? ముక్కు దించు అనే చెప్తారా?"

"అనకపోతే విమానంలో చస్తారే."

"అంటే హెలికాప్టర్‌లో చస్తారు." చేతిసంచి భుజానికి వేసుకుంది. "ఏం చెప్పాలో తెలుసుకోండి. తెలిశాక చెప్పండి. అప్పటిదాకా మా ఇంటికి రాకండి వదినా."

ఆగస్టు 3

క్లబ్బుకి వెళ్లాను. బ్యాంకులో పనిచేసే ఆవిడ, ముప్పై దాటింది, కొత్తగా చేరింది. రెక్కలు గాలిని వదిలేసే పాఠం. హారన్ మోగింది. ఆవిడ నా వైపు చూసింది. నా నోరు పెగల్లేదు. హారన్ మోగుతూనే ఉంది. విమానం వణికింది. నేనే లాక్కుని సరిచేశాను. "సారీ మేడమ్, నేనేం తప్పు చేశాను?" అంది పాపం.

నువ్వేం చెయ్యలేదమ్మా.

ఆగస్టు 4

మా ఆయన అన్నాడు: "మానేస్తే మానెయ్. కానీ నీ కోపం తీరక మానేస్తున్నావా, నేర్చుకునేవాళ్లకి ఏమవుతుందోనన్న భయంతో మానేస్తున్నావా, అది తేల్చుకో." చిట్లిన పన్ను బాగు చేస్తూ అన్నాడు. నోట్లో రెండు గొట్టాలు పెట్టి. సమాధానం చెప్పడానికి లేకుండా.

ఆగస్టు 10

ఈసారి ఇంటి దగ్గరే కుర్చీలో కూర్చుని, హారన్ మోగితే ఏం చెప్పాలో రెండు గంటలు గట్టిగా పలికి చూసుకున్నాను. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో.

ఆగస్టు 17

బ్యాంకావిడ మళ్లీ వచ్చింది. ఎక్కకముందే చెప్పాను, "నా వెనక అనండి" అని. హారన్ మోగింది.

"ఇది విమానం" అన్నాను.

"ఇది విమానం" అంది.

"ముక్కు దించు."

"ముక్కు దించు." దించింది. హారన్ ఆగింది.

పదిహేనుసార్లు చేయించాను. ప్రతిసారీ ముందు ఏ యంత్రంలో ఉన్నామో అనాలి, తర్వాతే చెయ్యి కదలాలి. అర సెకను పడుతుంది. విమానం ఆ అర సెకను ఇస్తుంది. లెక్కేసి చూశాను, ఎత్తు ఉంటే ఇస్తుంది. ఏదో ఒకనాడు ఆవిడ హెలికాప్టర్ ఎక్కితే, హారన్ మోగితే, నోరు "ఇది..." దగ్గర ఒక్క క్షణం తడుముకుంటుంది. ఆ తడుముకోవడం చాలు. చెయ్యి ఆగుతుంది.

ఆగుతుందో లేదో నాకు ఖాయంగా తెలియదు. మాస్టారుకి ఫోన్ చేసి అడిగాను. "చేతిని అడిగి చూడాలమ్మా" అన్నాడు.

ఆగస్టు 18

మరదలికి ఫోన్ చేశాను. నాలుగోసారి ఎత్తింది.

"చెప్పండి."

చెప్పాను. ముందు యంత్రం పేరు, తర్వాత చెయ్యి. ఒక్క మాట ఎక్కువ, అంతే.

"ఒక్క మాట" అంది.

"ఒక్క మాట."

"పన్నెండేళ్ల కిందట ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"తెలియలేదు."

"తెలియలేదు" అని నా మాటే అప్పజెప్పింది. తప్పు పట్టుకోడానికి ప్రూఫు చదివినట్టు, ఒక్కో అక్షరం పట్టి చూసినట్టు అంది. అటునుంచి కాగితాలు కదిలిన చప్పుడు. ఎవరో దాన్ని పిలిచారు. వస్తున్నానంది.

పెట్టేస్తుందనుకున్నాను.

"పాపకి వాళ్ల నాన్న ఎలా పోయాడో నేను ఇంకా సరిగ్గా చెప్పలేదు" అంది. "యంత్రం పాడైందని చెప్పాను. అది అబద్ధం కదా. మీరొచ్చి చెప్పండి. నాలుగింటికి స్కూలు నుంచి వస్తుంది." కొంచెం ఆగి, "నేను క్షమించానని అనుకోకండి" అంది.

"అనుకోను."

మూడున్నర అయింది. బయల్దేరుతున్నాను.